సిలబస్‌లో లేని ఎండ

మొన్న మా మేడమీద అద్దెకుండేవాళ్ల అమ్మాయి, ఏడో తరగతి పిల్ల, పాఠం ఒప్పజెప్పించుకోమని పుస్తకం నా చేతికిచ్చి, భూతాపం అంటే ఏమిటో, దానికి కారణాలేమిటో, నివారణ మార్గాలేమిటో ఎక్కడా తడబడకుండా గడగడా చదివేసి, అయిపోయింది అమ్మమ్మా అంటూ మెట్లెక్కి పరుగెత్తింది. తిరుపతిలో అప్పటికి పొద్దున తొమ్మిదైనా కాలేదు, వీధిలో ఎండ చురచురలాడుతోంది. ఆ పిల్ల ఒక్క తప్పూ చెప్పలేదు; అయినా ఆ పూటంతా నాకెందుకో మనసు కుదుటపడలేదు.

ముప్పయ్యేళ్ల కిందట నగరి దగ్గర ఒక బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరినప్పుడు, మా పాఠ్యపుస్తకంలో ఆ మాటే లేదు. ఎక్కడో పత్రికలో చదివి, పిల్లలకు చెప్పకుండా ఆగలేక, అంగట్లో బిస్కెట్లు పోసే పెద్ద గాజుసీసా ఒకటి అడిగి తెచ్చి, ఒక థర్మామీటరు దానిలో పెట్టి మూత బిగించి, ఇంకొకటి పక్కనే బయట ఉంచి, పిల్లలను ఎండలో చుట్టూ నిలబెట్టాను. సీసాలోని పాదరసం బయటిదాన్ని దాటి పైకి పోతుంటే, మనం వదిలే పొగ కూడా భూమికి ఇట్లాంటి మూతే వేస్తోందని చెప్పాను. పోలిక పూర్తిగా అతకదని నాకూ తెలుసు, కానీ పిల్లల చేతికందేది అదే. నేతపని వాళ్ల అమ్మాయి ఒకతి ముందుకొచ్చి, "అట్లైతే ఆ మూత ఎవురు తీయాల టీచర్?" అంది. ఆ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గర ఆలోచించుకుని రమ్మని అందరికీ చెప్పాను.

ఆ పిల్ల ఇంటికి పోయి, పెరట్లో నూలుతుక్కూ ప్లాస్టిక్ కవర్లూ తగలబెట్టనివ్వకుండా అడ్డం నిలబడిందట. మర్నాడే వాళ్ల నాయన హెడ్మాస్టరు గదికొచ్చి, "మా పాపకు ఏం నూరిపోసినారు సార్? పొగ పొగ అంటా మమ్మల్నే తప్పుపడతా ఉండాది" అని అరిచాడు. హెడ్మాస్టరు నన్ను పిలిపించి, పుస్తకంలో లేనిది ఇకమీదట చెప్పనని కాగితం రాసిమ్మన్నారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని రోజులవి. "రాయను సార్. రేపూ ఇదే పాఠం చెప్తాను. కావాలంటే ఈయన్నూ వచ్చి చూడమనండి" అన్నాను. ఇంట్లో ఈ సంగతి విని మా అత్తగారు, నోటికాడి కూడు కాలదన్నుకుంటావా అని రెండు రోజులు సాధించారు.

ఆ పిల్ల నాయన నిజంగానే వచ్చాడు. మధ్యాహ్నపు ఎండలో సీసా ముందు గొంతుక్కూర్చుని రెండు పాదరసాలనూ చాలాసేపు మార్చి మార్చి చూసి, తలగుడ్డతో మొహం తుడుచుకుని, "ఇదేం కొత్తమ్మా? రేకుల షెడ్డులో మగ్గం కాడ పొద్దంతా నేను ఉండేది ఈ సీసాలోనే గదా" అన్నాడు. ఆ తరువాత తన నాయన కాలంలో మగ్గాలుండే, చెరుకాకు కప్పిన కొట్టం ఎంత చల్లగా ఉండేదో ఆయనే పిల్లలకు చెప్పుకుపోయాడు. గంట కొట్టినా ఒక్కరూ కదల్లేదు.

కాగితం నేను రాయనేలేదు. ఏడాది తిరక్కుండా నన్ను ఏర్పేడు వైపు బదిలీ చేశారు. కారణం వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్త బడిలో మొదటి వారమే ఇంకో సీసా సంపాదించాను, రిటైరయ్యేదాకా ఏ ఎండాకాలమూ ఆ పాఠం మానలేదు.

ఇప్పుడది రంగుల బొమ్మలతో, మార్కులతో సహా పుస్తకంలోకెక్కింది. దాని కోసం ఏ తండ్రీ బడికొచ్చి పోట్లాడడు, ఏ టీచరునూ ఎవరూ సంజాయిషీ అడగరు, అందరికీ అంతా తెలుసు, అందరూ తలూపుతారు. మన కాలం అయిపోయింది, మనకెందుకులే అని నా ఈడువాళ్లు కూడా అంటూంటే, ఆనాటి ఆ అరుపుల మీదే నాకు బెంగగా ఉంటుంది. ఇంత వేడిలో ఎవరికీ కోపం రాకపోవడమేమిటో నాకు అర్థం కాదు. నాకు మాత్రం ఇంకా వస్తూనే ఉంది.