రాలిన బియ్యం

సముద్రం బాపట్ల అవతల ఉంది. ఓడ మొహం ఎరగని తెనాలి పొలిమేరలో పోర్టు కట్టారు. డ్రై పోర్టట. ఇక్కడ కంటైనర్లు నింపి, సీలు వేసి రైలెక్కిస్తే నేరుగా ఓడలోకే పోతాయట. కోట్లు పోశారు, రోడ్డు వెడల్పు చేశారు. నిరుటి కన్నా సరుకు రెట్టింపయిందని గేటు దగ్గర బోర్డు కూడా పెట్టుకున్నారు. సంతోషమే. అంత సరుకులో అచ్చమ్మ చేటలోకి మాత్రం గుప్పెడు గింజలు రావడం లేదు.

అచ్చమ్మ పుట్టిల్లు భట్టిప్రోలు. కొలకలూరు కోడలై వచ్చిన మూడో నెలలో అత్తగారు చేతికి చీపురిచ్చి గూడ్స్ షెడ్డుకు తీసుకెళ్లింది. ముఠావాళ్లు బియ్యం బస్తాలు వ్యాగన్లకెక్కించేటప్పుడు కింద రాలిన గింజలు ఊడ్చుకునే ఆడవాళ్లవి. ఈ మాట ఏ కాగితం మీదా లేదు, అయినా ఎవరూ దాటలేదు. ఎవరి వ్యాగన్ వారిది. ఒకామెకు జ్వరమొస్తే పక్కామె ఊడ్చి ఆమె ఇంటికి పంపేది. ఆడమనిషి చీపురు పట్టుకుని నిలబడితే ముఠావాళ్లు ఒక బస్తాకు కొక్కెం కాస్త లోతుగా దించేవాళ్లు. గింజలు సన్నగా జారేవి. అది దొంగతనమని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే షెడ్డంతా పడీపడీ నవ్వేది.

ఆ బియ్యమే చెరిగి, రాళ్లేరి, మంచివి వండుకుని, నూకలు టిఫిన్ బండ్లకు అమ్ముకుంటూ ముప్పై ఏళ్లు గడిపింది. భర్త పోయాక కూడా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. తమ్ముడు ఫ్రాన్సిస్‌ని ముఠాలో చేర్చుకోమని మేస్త్రి దేవదానాన్ని చర్చి మెట్ల మీద పట్టుకుని ఊ అనేదాకా వదల్లేదు. జన్మలో ఆమె ఒకరిని అడిగిందంటే అదొక్కటే.

పాత షెడ్డు మూసేసి బియ్యం లోడింగంతా పోర్టుకు మార్చాక, ఊడ్చే ఆడవాళ్లలో పదిమంది పొలం పనుల్లోకి పోయారు. దేవదానం మాట మీద అచ్చమ్మ ఒక్కదాన్ని లోపలికి రానిచ్చారు. వచ్చి ఏం లాభం? బస్తా లోపల ఇంకో సంచి. గింజ రాలదు. వరుసగా తొమ్మిది రోజులు ఖాళీ చేటతో ఇంటికి పోయింది. ఇంట్లో డబ్బా అడుగు కనిపించింది. పదో రోజు ఇక పట్టలేక తమ్ముడి పక్కన చేరింది.

"ఒరేయ్ ఫ్రాన్సిస్, ఒక్క బస్తాకి కొక్కెం కాస్త లోతుగా వెయ్యరా."

"ఇది పాత షెడ్డు కాదక్కా."

"తెలుసులేరా. పొయ్యి వెలిగించి రెండ్రోజులయింది."

ఫ్రాన్సిస్ ఒక బస్తాలోకి లోతుగా కొక్కెం దించాడు. మహా అయితే రెండు శేర్లు రాలాయి. ఊడ్చుకుంటుంటే ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. పైన కెమెరా ఉందన్న సంగతి అక్కకూ తట్టలేదు, తమ్ముడికీ తట్టలేదు.

మర్నాడు ఫ్రాన్సిస్‌ని గేటు దగ్గరే ఆపేశారు. అక్క అడిగిందని వాడు చెప్పలేదు. అచ్చమ్మకు ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే. తిన్నగా మేనేజర్ గదిలోకి వెళ్లింది. మేనేజర్ హేమంత్ రేపల్లె కుర్రాడు, మర్యాదస్తుడు. లేచి కుర్చీ వేశాడు.

"పొడవమంది నేనే సార్. వాడి తప్పేం లేదండి."

"భయపడకండమ్మా. జరిగింది చెప్పండి, రాసుకుంటాను. మీ తమ్ముడి సంగతి పైవాళ్లకు చెబుతాను."

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. తమ్ముణ్ణి ఎలాగైనా గట్టెక్కించాలి. వాడొక్కడే చేసిన తప్పులా ఉండకూడదని ఉన్నదంతా చెప్పుకొచ్చింది.

"ఇది మా ఆనవాయితీ బాబూ. మా అత్తగారి రోజుల్నించీ ఉంది. మావాడొక్కడే కాదు, ముఠా అంతా చేసేదే. మేస్త్రి గారికీ తెలుసు, అడగండి."

హేమంత్ ఒక్క మాట కూడా వదలకుండా రాశాడు, చదివి వినిపించాడు. అన్నీ ఆమె అన్న మాటలే. సండే స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. మంచినీళ్లు ఇప్పించి పంపాడు.

నాలుగో రోజు పొద్దున గేటుకు నోటీసు అంటించారు. ముఠా మొత్తం ఏళ్ల తరబడి సరుకు కాజేస్తున్నట్టు లిఖితపూర్వకంగా తేలింది కాబట్టి ముఠా ఒప్పందం రద్దు, ఇక మీదట లోడింగు యంత్రాలతోనే అని అందులో ఉంది. నోటీసు కింద అచ్చమ్మ సంతకంతో ఆ కాగితం నకలు పెట్టారు. పోర్టు వెనక నెల రోజులుగా పట్టా కప్పి ఉంచిన, బస్తాలెక్కించే బెల్టు మిషన్లను అప్పుడే బయటికి లాగుతున్నారు.

దేవదానం నోటీసు పైకి చదివాడు. ముప్పై ఆరు మంది విన్నారు. అందరూ అచ్చమ్మ వైపు తిరిగారు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"నిన్ను మళ్లీ పనిలోకి తీసుకుంటారనుకున్నాన్రా," అంది తమ్ముడితో.

ఫ్రాన్సిస్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"నేనొక్కణ్ణి పోతే పోయేవాణ్ణి గదక్కా," అన్నాడు.