ప్రైజు గ్లాసు

ఇంటికి ఎవరొచ్చినా మా అక్క చిన్నప్పుడు ఉపన్యాసాల పోటీలో నాకు ప్రైజుగా వచ్చిన స్టీలు గ్లాసు తెచ్చి చూపిస్తుంది. "అన్ని మతాలకీ మనుషులంతా సమానమేనని ఎంత బాగా మాట్లాడాడో!" అంటుంది. నాకు ఒళ్లు మండుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి, ఆ ఉపన్యాసం నాది కాదని? డెబ్బైల్లో ఉయ్యూరు బళ్లో మా క్రైస్తవ మాస్టారు దేవదానం గారు రాసిచ్చారు.

ప్రైజొచ్చిన సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి, అరుగు కిందే నిలబడి మంచినీళ్లడిగారు. నేను గొప్పగా ఆ గ్లాసుతోనే తెచ్చాను.

"చేతికివ్వకురా, పైనుంచి పొయ్యి," అంది నాయనమ్మ.

మాస్టారు అప్పటికే వంగి దోసిలి పట్టారు. పోశాను. వాళ్ల మతంలో నీళ్లు అలాగే తాగుతారు కాబోలనుకున్నాను.

"బాగా చెప్పావు బాబూ," అన్నారాయన, గడ్డం తుడుచుకుంటూ.

అక్కా, ఇకమీదట చూపిస్తే పూర్తిగా చెప్పు. ఆ మాటలు రాసినాయన చేతికి నేను ఆ గ్లాసు ఇవ్వలేదని కూడా చెప్పు.