ఎర్రలు తెచ్చే తాత

ఇంట్లో గాజుపెట్టెలో తాబేలును పెంచడంలో నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. వెచ్చగా ఉంటుందని బల్బు మరీ దగ్గరగా పెట్టాను. లోపలి తడిమట్టంతా ఎండిపోయి, పాపం, చివరికి దాని తలాపున దీపమే పెట్టాల్సి వచ్చింది.

ఆ సంగతి చేపలమ్మే తాతకు చెప్పలేకపోయాను. ఆయన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి, ఆదివారాలు మేడ్చల్‌లో మా వీధికొచ్చి అమ్మేవాడు. వస్తూ వస్తూ, గాలానికని తవ్విన ఎర్రల్లో ఒక గుప్పెడు నా తాబేలుకు తెచ్చేవాడు. నన్ను ఒక్కసారీ బాగున్నావా అనలేదు. "మనోడు తింటున్నడా?" అనేవాడు, అంతే.

"మస్తు తింటున్నడు తాతా," అనేవాణ్ణి, తాబేలు పోయాక కూడా. ఆ వానపాములన్నీ నెలల తరబడి మా పూలకుండీల్లోకే వెళ్లాయి.

ఆయన మంచాన పడ్డాడని తెలిసి వెళ్లాను. "డాక్టరు ఇగ లాభం లేదన్నడు సారూ, బాపుకు గూడ తెలుసు," అన్నాడు కొడుకు గడప దగ్గరే.

లోపల కూర్చుని నిజం చెప్పేశాను. తాత నవ్వబోయి దగ్గాడు.

"ఎర్కనే సారూ. మీ పనామె అప్పుడే చెప్పింది. సచ్చినంక గూడ గింత తిన్నోణ్ణి నేనెక్కడ సూడలే."

"మరెందుకు తెచ్చినవ్?"

"తేకుంటె నీ మొకం సిన్నబోతది గద."

దుప్పటి పక్కకు నెట్టి, "నాకేం గాలె. వచ్చే ఆదివారం నీకు కొర్రమీను తెస్త," అన్నాడు.

ఇన్ని నెలలు నా అబద్ధం నమ్మినట్టు నటించిన మనిషి మీద అప్పుడు పగ తీర్చుకున్నాను.

"పెద్దది తేవాలె తాతా," అన్నాను. "సిన్నదైతే తీసుకోను."