వాపు మంచిదేనన్నాను

గంజి పట్టిన నూలు వాసన వస్తే చాలు, నర్సప్ప మామ దవడ మీది వేడి నా వేళ్లకు మళ్లీ తగులుతుంది. గద్వాలలో మామ గొప్ప నేతగాడని అందరూ చెప్పుకుంటారు. నేను ఆయనకిచ్చిన తప్పుడు ధైర్యం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో ఆయన మగ్గం మీద నేను జతగాణ్ణి. నూలు చీరకు పట్టు అంచు కలపాలంటే ఇద్దరుండాలి. పోగులు ఎక్కువ తెగితే మామ పక్క మగ్గాలవాళ్లను "రాండ్రి!" అని కేకేసేవాడు. అతుకు పడగానే "చాలు, పోండ్రి" అనేవాడు. ఐదో తరగతితో బడి మానేసిన నేను గ్రంథాలయంలో చదివిందంతా ఆయనకు చెప్పేవాణ్ణి. నా మాట వినే మనిషి ఆయనొక్కడే.

ఒకరోజు దవడ కింద గడ్డ చూపించాడు. ముట్టుకుంటే కాలుతోంది.

"ఏంది పంతులూ, నీ పుస్తకాలేమంటయ్?"

"భయం లేదు మామా. నెత్తురుల కావలి కణాలుంటయ్. దెబ్బ తగిలినకాడికి ఉరుకుతయ్, ఇంకిన్నిటిని పిలుస్తయ్. వేడి, వాపు వాటి పనే. కొట్లాడుతున్నయన్నట్టు. మంచిదే."

"గట్లనా! మీ అత్త కర్నూలు దవాఖానకు పోదామని పానం తీస్తున్నది. ఈ చీర అయినంక చూద్దాం తియ్."

ఆ చీర దిగింది, ఇంకోటి మొదలైంది. నేనూ గుర్తుచేయలేదు. మూడు నెలలకు మామ నోరు తెరవలేకపోయాడు.

కర్నూలులో డాక్టరమ్మ క్యాన్సరంది. నేను కావలి కణాల సంగతి అడిగాను. "నువ్వు చదివింది నిజమే. కానీ ఇక్కడ పుండు మానదు, పిలుపు ఆగదు. వచ్చినవి ఇంకొన్నిటిని పిలుస్తాయి. వాటి రసాలతోనే గడ్డ పెరుగుతుంది. కొన్ని మాత్రం ఇంకా కొట్లాడుతూనే ఉంటాయి" అంది. కావలివాడే దొంగకు అన్నం పెడతాడా? మరి ఆ వేడి ఎవరి పక్షం?

మంచం పక్కన కూర్చుని మామకు అంతా చెప్పాను, నా తప్పుతో సహా.

"అంటే... చాలు, పోండ్రి అనేటోడు లేడన్నట్టు" అన్నాడు కష్టంగా. మళ్లీ, "తెల్వదని అప్పుడే అనకపోతివిరా."

తిట్టాడో, నవ్వాడో. వాచిన ఆ ముఖంలో చదవలేకపోయాను. మగ్గం మీది పడుగు అయిపోకముందే పోయాడు.

ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఆ వేడి ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాను. ముందే దవాఖానకు పోయుంటే బతికేవాడా? అదీ తెలియదు. ఇప్పుడెవరైనా గడ్డ చూపించి అడిగితే, నాకు తెల్వదని చెప్పి అదే పూట బస్సెక్కిస్తాను.

పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం సత్తార్ సాబుకు, నా ప్రశ్నలకు విసుక్కోని డాక్టరమ్మ సుశీలగారికి, మామ చివరి మాటలు నాతోపాటే విని, ఈనాటికీ నన్ను ఒక్క మాటా అనని లచ్చమ్మ అత్తకు నా దండాలు.