చిన్న చెవిలో అజాన్

పొద్దున ఏడున్నరకి గుంటూరు బస్టాండులో ఒంగోలు బస్సెక్కాను. సింగరాయకొండలో కాపురముంటున్న మా అమ్మాయి షబానాకి తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. "చెవిలో అజాన్ నువ్వే చెప్పాలి నాన్నా. నువ్వొచ్చేదాకా ఎవర్నీ చెప్పనివ్వను" అంది ఫోన్లో.

బిడ్డ ఈ లోకంలో వినే మొదటి మాట అల్లాహు అక్బర్ కావాలని, పుట్టగానే కుడి చెవిలో నమాజుకి పిలిచే అజాన్ చెప్పడం మా ఆచారం. దూది ఏకే పని చేసుకుంటూనే, మా పేట మసీదులో ఏళ్ల తరబడి తెల్లవారుజాము అజాన్ ఇచ్చింది నేనే. నిరుడు గొంతులో గడ్డ తీశారు. అప్పట్నుంచి గాలి తప్ప మాట సరిగా రావడంలేదు. చివరిసారి అజాన్ ఇచ్చిన రోజున అదే చివరిదని నాకు తెలియదు. ఆ బాధ ఇంకా తీరలేదు. ఇప్పుడు పసిదాని దగ్గర సగంలో ఆగిపోతే ఏం చేయాలో తోచక, బిడ్డ కోసం నేనే దూది కూరి కుట్టిన చిన్న దిండుని ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ కూర్చున్నాను.

చిలకలూరిపేటలో టీకి ఆపారు. అక్కడెక్కిన పెద్దమనిషి నా పక్కన కూర్చున్నాడు. ఇరాక్‌లో వంటపని చేసి వచ్చాడట. నా టోపీ చూసి అడిగాడు.

"ఆ దేశం జెండా మధ్యలో పచ్చటి అక్షరాలుంటాయండి. అల్లాహు అక్బర్ అని చెప్పారు. అంటే ఏంటండీ?"

"దేవుడే అన్నిటికన్నా గొప్పవాడని" అన్నాను.

ఆయనకి వినపడలేదు. "బస్సులో భయపడతన్నారా? గట్టిగానే చెప్పండి, ఎవరేమనుకుంటారు?"

కండువా తీసి మెడ మీద కుట్లు చూపించాను. ఆయన మొహం చిన్నబోయింది. నా నోటి దగ్గరికి చెవి పెట్టి మళ్ళీ చెప్పించుకున్నాడు. కిటికీ బయట కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి.

ఒంగోలులో బస్సు మారి, మధ్యాహ్నానికి సింగరాయకొండ చేరాను. హైవే దగ్గర దిగితే ఆసుపత్రికి ఆటోలు దొరుకుతాయి. వారం ముందే వచ్చిన మా ఆవిడ బిడ్డని చేతుల్లో పెట్టింది. నిద్రపోతోంది. "గొంతు నొప్పెడితే నేను చెబుతాలే మామయ్యా" అన్నాడు అల్లుడు మెల్లగా. షబానా ఒప్పుకోలేదు.

అల్లాహు అక్బర్. మొదటిసారి సగమే వచ్చింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఆ చిన్న చెవికి నా గుసగుస చాలు. అలవాటు కొద్దీ సాగిపోతూ, తెల్లవారుజామున మాత్రమే చెప్పే మాట కూడా చెప్పేశాను: నిద్రకన్నా నమాజు మేలు.

అల్లుడు ఫక్కున నవ్వాడు. "దానికప్పుడే నమాజేంటి నాన్నా, పడుకోనీ" అని నవ్వుతూనే షబానా ఏడ్చేసింది. చిన్నప్పుడు రోజూ ఆ మాటకే నిద్ర లేచేది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

సాయంత్రం ఒంగోలులో గుంటూరు బస్సు కోసం నిలబడి ఉండగా ఏదో మసీదు మైకులో అజాన్ వినిపించింది. గొంతు పోయాక ఇంకొకరు అజాన్ ఇస్తుంటే వినలేకపోయేవాణ్ణి. ఇవాళ చివరిదాకా విన్నాను. నా చివరి అజాన్ ఏదో ఇప్పుడు నాకు తెలుసు. అది చెవిలో పడుతున్నా నా మనవరాలు హాయిగా నిద్రపోతూనే ఉంది.