మ్యాట్నీకి వచ్చే మనిషి

వన్ టౌన్‌లోని ఒక పాత సినిమాహాల్లో తెరేసమ్మ బాల్కనీ గేటు దగ్గర టికెట్లు చింపేది. తాగి వచ్చినవాళ్ళు, సిగరెట్లు దాచుకున్నవాళ్ళు ఆమె చూపుకు ఇట్టే దొరికిపోయేవాళ్ళు. మొగుడు పోయాక ఆ గేటే ఆమెకు అన్నం పెట్టింది.

ఆ వేసవిలో ఒక పగ సినిమా వచ్చింది. నలుగురు చెరిచి చంపిన పిల్ల దయ్యమై తిరిగొచ్చి, ఒక్కొక్కణ్ణీ చిత్రహింస పెట్టి చంపుతుంది. మధ్యలో లేచొచ్చి మెట్ల మీద వాంతి చేసుకున్నవాళ్ళున్నారు. ఆటయ్యాక నవ్వుకుంటూ సెల్ఫీలు దిగినవాళ్ళూ ఉన్నారు. తెరేసమ్మ లోపలికి తొంగి చూసేది కాదు. తలుపు సందుల్లోంచి ఆ కేకలు వినబడితే మెడలోని సిలువ పట్టుకుని కూర్చునేది.

ఒక మనిషి మాత్రం రోజూ మ్యాట్నీకి వచ్చేవాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డసంచి. ఎవరితోనూ మాట్లాడడు. తెరేసమ్మకు గుబులు పట్టుకుంది. మేనేజరుకు చెబితే, టికెట్టు కొన్నవాణ్ణి రావద్దని ఎలా అంటామన్నాడు. ఒకరోజు ఆమే సంచి చూపించమంది. అన్నం కారియరు, తువ్వాలు తప్ప ఏమీ లేవు. దాంతో అనుమానం తగ్గకపోగా పెరిగింది.

"రోజూ ఏముందని వస్తున్నారండీ?" అని అడిగేసింది.

అతని పేరు సంజీవరావు, బట్టల కొట్లో గుమస్తా. కూతురు రాజేశ్వరిని చంపినవాడు బెయిలు మీద వచ్చి తన వీధిలోనే తిరుగుతున్నాడని, ఇక్కడ తెర మీద ఆ నలుగురూ చావడం చూస్తే ఆ పూటకు తన చేతులు ఊరుకుంటాయని నెమ్మదిగా చెప్పాడు. తెరేసమ్మ నమ్మలేదు. మంటలో నెయ్యి పోస్తూ ఆర్పుతున్నానంటే ఎవరు నమ్ముతారు?

ఒక ఆదివారం హాలు నిండింది. ఆట మొదలైన కాసేపటికే సంజీవరావు బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది.

"ఆ నలుగురూ చచ్చేప్పుడు ఈలలెయ్యడం రోజూ ఉండేదే. ఇవాళ ఆ పిల్లని లాక్కెళ్ళేప్పుడు వేశారమ్మా. నా పక్క సీట్లలోవాళ్ళే."

ఆ తర్వాత అతను రాలేదు. ఏం చేసి కూర్చున్నాడోనని ఆమె రోజూ పేపరు వెతికింది. చివరికి ఒక ఉదయం టికెట్టు లేకుండా వచ్చాడు. కోర్టులో సాక్ష్యం చెప్పాలట, కూతుర్ని చంపినవాడు ఎదురుగా ఉంటాడట.

"మీరు నన్ను అనుమానంగా చూశారు గదా. అలాగే చూస్తూ నా పక్కన కూర్చోండమ్మా."

తెరేసమ్మ వెళ్ళింది. కోర్టు వరండాలో అతని మొహం వదిలేసి చేతులే చూస్తూ కూర్చుంది. వాడు వాళ్ళ ముందునుంచి నడిచిపోతుంటే సంజీవరావు లేచాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని లాగింది. కూర్చున్నాడు. కోర్టు లోపల చెప్పవలసింది మొత్తం చెప్పాడు.

తీర్పు ఇంకా రాలేదు. అతని మీద ఆమెకు నమ్మకం కుదిరిందనీ చెప్పలేం. అయినా వచ్చే వాయిదాకు మేనేజరును సెలవు అడిగింది.