మూడో గుంత

సోమవారం పొద్దున బియ్యంలో రాళ్లు ఏరుకుంటుంటే బేగరి కాక కోడలు వచ్చి గడప దగ్గర నిలబడింది. "మామ పోయిండు, పెద్దమ్మా" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా ఆయన ఎక్కడ కూర్చున్నాడో వేలు పెట్టి చూపించగల ఒక్క మనిషీ వెళ్లిపోయాడు. ఆయన్ను చంపినవాళ్లను మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ నిలదీయలేదు.

ఇబ్రహీంపట్నంలో మా వైపు ఎవరు చనిపోయినా గుంత తవ్వే పని కాకది. బంధువులు తొందరపెడితే "సచ్చినోనికి లేని తొందర మీకెందుకు?" అని పొగాకు నమిలేవాడు. గురువు దగ్గర బోధ తీసుకున్నవాళ్లను పడుకోబెట్టరు, కూర్చోబెట్టి పూడుస్తారు. అలాంటి గుంతకు కాక కట్టెతో కొలత పెట్టేవాడు కాదు. తనే దిగి, బాసింపట్టు వేసుకుని, తల పైన ఎంత మిగిలిందో చూసుకునేవాడు.

మా ఆయనా బోధ తీసుకున్నాడు. గురువుకు తప్ప ఎవరికీ వంగేది లేదని వాళ్ల పట్టు. నిజాం సర్కారు రోజుల్లో అలాంటి పట్టున్నవాళ్లు ఊరుకుంటారా! వెట్టికి రాము, లెవీ ధాన్యం ఇవ్వము అని చెరువు అవతలి గుట్ట మీద మఠంలో తలుపులు వేసుకున్నారు. ఠాణా అమీన్ జవాన్లతో వచ్చి మూడు రోజులు చుట్టుముట్టాడు. నాలుగో రోజు పొద్దున తుపాకులు పేల్చారు. ఏడుగురు పోయారు. గుట్ట కింద ఒకే పొడుగు కాలువ తీసి అందులో తోసెయ్యమని కాకకు హుకుం ఇచ్చి, అమీన్ పైకి ఏం రాశాడో తెలుసా? ఎవరూ చావలేదు, ఏడుగురూ ఫరార్ అని.

అంటే నేను పారిపోయినవాడి పెళ్లాన్ని. ప్రతి శుక్రవారం ఠాణాకు వెళ్లి నిలబడాలి. "నీ మొగన్ని యాడ దాసినవ్?" అని అడిగేవాడు అమీన్. చంపినవాడే అడుగుతున్నాడు, నేనే జవాబు చెప్పాలి. నాకు కావలసింది ఒక్కటే: మా ఆయన చనిపోయాడని, ఎలా చనిపోయాడో సర్కారు కాగితం మీద రాయాలి.

పట్నంలో ఉన్న మఠం శిష్యులు అర్జీల మీద అర్జీలు పెడితే విచారణకు ఒక అధికారి వచ్చాడు. పటేలు, పట్వారీ ఫరార్ అన్నారు. కాకను అడిగితే "నాకెర్కలే సాబ్" అన్నాడు. ఆ రోజు అతని గడప మీద ఉమ్మేసి వచ్చాను. గుంతలు తవ్వే పనికి ఏటా ఇచ్చే గింజలు కూడా ఇవ్వనన్నాను. ఇప్పటికీ అది తప్పనుకోను.

వారం తర్వాత మా పెరటి వైపు వచ్చాడు. "బిడ్డా, కాలువ తియ్యలే. జవాన్లు పటేలింట్ల బువ్వ తినేటప్పుడు ఏడు గుంతలు తోడిన. అందర్ని కూసుండవెట్టిన. నీ పెనిమిటిది మూడోది. నాకన్న పొడుగు గదా, జర లోతు తీసిన."

"మరి ఆ సాబ్‌కు చెప్పవేంది కాకా?"

"భయం బిడ్డా" అని తల దించుకుని పోయాడు.

మూడు నెలలకు ఆ అధికారే మళ్లీ వచ్చాడు, ఫరారీ జాబితా మీద సాక్షుల వేలిముద్రలు వేయించుకుని విచారణ ముగించడానికి. కాకను పిలిస్తే పార భుజాన వేసుకుని వచ్చాడు. "ముద్ర తర్వాతేస్త సాబ్. ముందుగాల నా ఎంబడి రాండ్రి." ఊరంతా చూస్తోంది. అధికారి ముక్కుకు రుమాలు పెట్టుకుని వెనకే నడిచాడు. మూడో గుంత మీది మన్ను తీస్తే కాషాయం తలగుడ్డ కనిపించింది, నిటారుగా.

"ఫరారైనోడు గిట్ల కూసుంటడా సాబ్?"

కాక నాలుగో గుంత మీద పార పెట్టబోతే "చాలు" అన్నాడు అధికారి. ఏడు పేర్లూ ఫరారీలోంచి కొట్టేసి చనిపోయినవాళ్లలో రాశాడు. ఎలా చనిపోయారన్న గడి ఖాళీగా వదిలేశాడు.

"అది గూడ రాయుండ్రి" అన్నాను.

"తర్వాత చూస్తాం" అన్నాడు. అమీన్‌కు పడిన శిక్ష బదిలీ! ఊరు వదిలేముందు అమీన్ కాకను రెండు రోజులు ఠాణాలో ఉంచి పంపాడు. కాక కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. ఆ ఏడాది గింజలు నేనే మోసుకెళ్లి అతనింట్లో పోశాను. ఉమ్మిన సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

పోయిన నెల కాకను చూడటానికి వెళ్తే నవ్వాడు. "నన్ను మాత్రం పండవెట్టుండ్రి బిడ్డా, నడుం నొస్తది. ఆళ్ల కాడ్నే."

మంగళవారం పంచాయతీ గుమాస్తా వచ్చి, కాక ఎలా చనిపోయాడని అడిగి, "ముసలితనం" అని టక్కున రాసేశాడు. ఒక్క మాట. మా ఆయన పేరు పక్కన రాయడానికి ఏ సర్కారుకూ చెయ్యి రాని మాట కూడా అంతే ఉంటుంది.

గుట్ట కింద కాకకు పొడుగు గుంతే తీయించాను. ఏడుగురూ కూర్చునే ఉన్నారు. వాళ్ల ముందు కాక కాళ్లు చాపుకుని పడుకున్నాడు.